అద్దె పాటా? సొంత పాటా?

సంగీతం మీద శ్రద్ధ, దాన్ని వినిపించే సామాను మీద ఖర్చు రెండూ ఉన్న నలుగురు ఒకచోట చేరితే ఈ వాదన తప్పదు. నెలనెలా చందా కడితే కోట్ల పాటలు హై రెజల్యూషన్‌లో చేతికొస్తుంటే ఇంకా ఆల్బమ్‌లు కొనడమెందుకని ఒక పక్షం అంటుంది. చందా ఆపిన రోజున చేతిలో ఏం మిగులుతుందని రెండో పక్షం అడుగుతుంది. కొన్నేళ్ల కిందటి వరకు రెండో పక్షానికి గట్టి ఆధారం ఒకటుండేది. స్ట్రీమింగ్‌లో వచ్చేది కుదించిన ధ్వని, సీడీలో ఉండేది పూర్తి ధ్వని అనేవాళ్లు. 2021 జూన్‌లో యాపిల్ మ్యూజిక్ అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ ఇవ్వడంతో ఆ ఆధారం సడలింది. 2021 ఫిబ్రవరిలో మాటిచ్చి నాలుగేళ్లకు పైగా తాత్సారం చేసిన స్పాటిఫై కూడా 2025 సెప్టెంబరులో అదే దారి పట్టడంతో పూర్తిగా పోయింది.

నాణ్యతే కొలమానమైతే వాదన ఇక్కడితో ముగియాలి. ముగియలేదంటే తగాదా వేరే చోట ఉందన్నమాట. మనం వింటున్నది ఏ మాస్టర్ (పాట బయటికి వెళ్లేముందు తయారయ్యే తుది రూపం), అది ఎన్నాళ్లు మన దగ్గర ఉంటుంది, మన డబ్బు ఎవరికి చేరుతుంది అన్న మూడు ప్రశ్నల చుట్టూ తిరగాల్సిన చర్చను బిట్లు, కిలోహెర్ట్జ్‌ల లెక్కలు చాలాకాలం పక్కదారి పట్టించాయి. ముందు ఆ లెక్కలే చూద్దాం.

అంకెలు చెప్పేది, చెవి ఒప్పుకునేది

సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించి 1982లో బజారులోకి తెచ్చిన సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతకు 16 బిట్లు. అంటే ఎడమ, కుడి ఛానళ్లు రెండూ కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు. ఎంపీ3 లాంటి పద్ధతులు చెవికి తెలియదనుకున్న భాగాన్ని తీసేసి దీన్ని 320కో అంతకన్నా తక్కువకో దించుతాయి. 2001లో వచ్చిన ఫ్లాక్ అలా కాదు. ఫైలును సగానికి అటూఇటుగా తగ్గించినా, విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా పోకుండా తిరిగిస్తుంది. యాపిల్ వాడే అలాక్‌దీ ఇదే పద్ధతి. వీటినే లాస్‌లెస్ అంటున్నాం. సీడీ స్థాయిని దాటి 24 బిట్లకు, 96 లేదా 192 కిలోహెర్ట్జ్‌లకు వెళ్తే హై రెజల్యూషన్.

44.1 కిలోహెర్ట్జ్ నమూనా 22 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ప్రతి ధ్వనినీ పట్టుకోగలదు. మనిషి చెవి హద్దు 20. నడివయసు దాటాక అదీ ఉండదు. 16 బిట్లు ఇచ్చేది సుమారు 96 డెసిబెల్స్ వ్యత్యాసం. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా 30 డెసిబెల్స్ చప్పుడుంటుంది. సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఇంకా ఎక్కువ. దానిపైన 96 డెసిబెల్స్ మొత్తం వాడుకోవాలంటే చెవులు నొప్పెట్టే స్థాయిలో వినాలి. 24 బిట్ల అసలు ప్రయోజనం స్టూడియోలో ఉంది. రికార్డింగ్, మిక్సింగ్ చేసేటప్పుడు ఇంజినీరుకు వెసులుబాటు దొరుకుతుంది. పూర్తయిన పాటను ఇంట్లో వినేవాడికి ఆ వెసులుబాటుతో పనిలేదు.

ప్రయోగాలూ దాదాపు ఇదే చెప్పాయి. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు అమెరికన్లు హై రెజల్యూషన్ డిస్కుల ధ్వనిని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి తేడా చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. పన్నెండు వేలకు పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు 52.3 శాతం. ముందుగా శిక్షణ పొందినవాళ్లలో మాత్రం అది 60 శాతం దాటింది. తేడా అసలే లేదని ఈ లెక్క అనడం లేదు. ఉన్న తేడా ఎంత సన్ననిదో, దాన్ని పట్టుకోవడానికి ఎంత సాధన కావాలో చెబుతోంది.

ఇక వినే దారి సంగతి. ఫోన్ తెరమీద హై రెజల్యూషన్ అన్న గుర్తు వెలుగుతుంటుంది, చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉంటాయి. బ్లూటూత్ పద్ధతుల్లో మెరుగైనదిగా పేరున్న ఎల్‌డ్యాక్ గరిష్ఠంగా పంపగలిగేది సెకనుకు 990 కిలోబిట్లు. అది సీడీ ప్రవాహం కన్నా తక్కువ. ఐఫోన్ బ్లూటూత్‌లో పంపేది ఏఏసీ. 192 కిలోహెర్ట్జ్ ఫైలు వేల మైళ్లు ప్రయాణించి వచ్చి, ఆఖరి మూడడుగుల దూరంలో మళ్లీ కుదించుకుపోతుంది. వైరు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా, 48 కిలోహెర్ట్జ్ దాటాలంటే డిజిటల్ అంకెలను ధ్వని సంకేతంగా మార్చే బయటి పరికరం, అంటే డాక్, కావాలని యాపిలే చెబుతోంది. డేటా ఖర్చు సరేసరి. 24 బిట్/192లో గంటసేపు వింటే ఫ్లాక్‌గా కుదించాక కూడా రెండు జీబీలు దాటవచ్చు. మనవాళ్లు చాలామంది వేయించుకునే రోజువారీ ప్యాక్ ఆ గంటలోనే అయిపోతుంది.

చందా దుకాణాలు

పదేళ్లుగా ఆడియోఫైల్స్ నోట నానుతున్న పేర్లు రెండు. 2007లో ఫ్రాన్స్‌లో మొదలైన కోబజ్ స్ట్రీమింగ్‌తోపాటు డౌన్‌లోడ్ దుకాణం కూడా నడుపుతోంది. ఆల్బమ్‌తో వచ్చే పుస్తకాలు, సమీక్షలు, సంపాదకుల ఎంపికలు దాని ప్రత్యేకత. రెండోది 2014లో వచ్చిన టైడల్. మరుసటి ఏడాది ర్యాపర్ జే జీ చేతికి వెళ్లాక పేరు మోగింది. 2017 నుంచి ఎంక్యూఏ అనే పద్ధతిని భుజాన వేసుకుంది. హై రెజల్యూషన్‌ను చిన్న ఫైల్లో మడిచి పంపుతామన్నది ఎంక్యూఏ వాగ్దానం. అది నిజానికి లాస్‌లెస్ కాదని ఇంజినీర్లు, శ్రోతలు ఏళ్ల తరబడి వాదించారు. 2023 ఏప్రిల్‌లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2024లో టైడల్ ఎంక్యూఏను వదిలి మామూలు ఫ్లాక్‌కు మారింది, ఖరీదైన ప్లాన్‌ను మామూలు ప్లాన్‌లో కలిపేసింది. టైడల్ నాణ్యత పేరుతో అదనంగా వసూలు చేసే రోజులు అంతటితో గడిచిపోయాయి.

మన దేశంలో ఉన్నవాళ్లకు ఈ రెంటి చర్చ చాలావరకు దూరపు కొండే, ఎందుకంటే ఇవి ఇక్కడ అధికారికంగా అందుబాటులోకి రాలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడికి ఉన్న ఎంపిక హైదరాబాదులో ఉన్న వాళ్ల అన్నయ్యకు లేదు. ఇక్కడ ప్రధానంగా మిగిలేవి యాపిల్ మ్యూజిక్, స్పాటిఫై. మొదటిది 24 బిట్/192 దాకా ఇస్తుంది. రెండోది 24 బిట్/44.1 దగ్గర ఆగుతుంది, అదీ మన దగ్గర పై ధర ప్లాటినం ప్లాన్‌లోనే. ఆ పై సంఖ్యల తేడా చెవికి పెద్దగా అందదని ముందే చూశాం కాబట్టి వీటి మధ్య ఎంచుకోవడానికి నాణ్యతను ప్రమాణంగా తీసుకోనక్కర్లేదు. ఏ యాప్ వాడకం సుఖంగా ఉంది, ఏది మనకు తెలియని సంగీతాన్ని పరిచయం చేస్తోంది అన్నవి చూసుకుంటే చాలు.

పరిచయం చేయడంలో స్ట్రీమింగ్‌కు సాటి లేదు. ఏళ్ల తరబడి దూరంగా ఉన్న జర్మన్ జాజ్ కంపెనీ ఈసీఎం 2017లో, బ్రిటిష్ శాస్త్రీయ సంగీత సంస్థ హైపీరియన్ 2023లో దీనికి తలుపులు తెరిచాయి. ఇంతకుముందు విదేశాల నుంచి తెప్పించుకుంటే తప్ప వినలేని రికార్డులు ఇప్పుడు విజయవాడలో కూర్చున్న విద్యార్థికి ఒక వేలి దూరంలో ఉన్నాయి. సంగీతం నేర్చుకునేవాడికి ఇంతకు మించిన వరం లేదు.

అసలు తేడా మాస్టర్‌లో

ఒకే ఆల్బమ్‌కు చాలా రూపాలుంటాయి. పాట బయటికి వెళ్లేముందు మాస్టరింగ్ ఇంజినీరు దాని హెచ్చుతగ్గులను, గట్టితనాన్ని, స్వరాల సమతూకాన్ని తేలుస్తాడు. 1990ల నుంచి పోటీ పెరిగి, రేడియోలో మన పాటే గట్టిగా వినబడాలని మెల్లని భాగాలను పైకి లాగి అన్నిటినీ ఒకే ఎత్తుకు చేర్చే అలవాటు ముదిరింది. దీనికి పేరుమోసిన సాక్ష్యం 2008లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్'. సీడీలోని పాటను కంప్యూటర్లో తెరిచి తరంగాల బొమ్మ చూస్తే ఎగుడుదిగుళ్లు లేకుండా పైనా కిందా కత్తిరించిన దిమ్మెలా ఉంటుంది. అదే సమయంలో గిటార్ హీరో అనే వీడియో గేమ్ కోసం ఇచ్చిన పాటల్లో మాత్రం డ్రమ్ము దెబ్బలు వేటికవి పైకి లేచి కనిపించాయి. సంగీతం అదే, బ్యాండు అదే. అభిమానులు రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, సీడీ కన్నా గేమ్‌లోని ధ్వనే మేలని తేల్చారు. వేలమంది సంతకాలతో మళ్లీ మిక్స్ చేయమని కోరారు. ఆ కుదించిన మాస్టర్‌ను 24 బిట్/192లో ఇస్తే మారేదేమీ లేదు. నలిగిపోయిన ధ్వనే మరింత పెద్ద ఫైల్లో వస్తుంది.

స్ట్రీమింగ్‌కు ఇక్కడ ఓ బలహీనత ఉంది. ఒక పాత ఆల్బమ్‌కు నాలుగు మాస్టర్లుంటే సాధారణంగా అక్కడ దొరికేది కంపెనీ తాజాగా పెట్టిన రీమాస్టర్. 1980లలో వచ్చిన మొదటి సీడీయే బాగుందని చెవి చెప్పినా అది అక్కడ ఉండకపోవచ్చు. ఉన్నదాన్ని ఒకరోజు చెప్పకుండా మార్చేసినా మనకు తెలియదు. కొన్న సీడీకి ఆ బెడద లేదు. పాత సీడీల దుకాణాల్లో ఫలానా సంవత్సరపు ముద్రణే కావాలని వెతికేవాళ్లది చాదస్తమని నవ్వడానికి లేదు.

కొనేవైపూ మోసాలున్నాయి. హై రెజల్యూషన్ అని ఎక్కువ ధరకు అమ్మిన ఫైళ్లలో కొన్ని సీడీ స్థాయి మాస్టర్‌ను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసినవని శ్రోతలే బయటపెట్టిన సందర్భాలున్నాయి. స్పెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములో ఆ 96 కిలోహెర్ట్జ్ ఫైలును తెరిస్తే 22 దగ్గర గీత గీసినట్టు రంగు ఆగిపోతుంది. ఆపైన 48 వరకు నల్లటి చీకటే. వినైల్ వైపు చూసినా అంతే. అనలాగ్ టేపు నుంచే రికార్డులు కోస్తుందని పేరున్న అమెరికన్ సంస్థ మొబైల్ ఫిడెలిటీ మధ్యలో డిజిటల్ కాపీ వాడుతోందని 2022 జూలైలో బయటపడింది. మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను 40,000 ప్రతులు వేస్తామని ప్రకటించడంతో, ఒకే టేపు అన్నిసార్లు ఆడితే అరిగిపోదా అన్న అనుమానం మొదలైంది. కోర్టు కేసు నడిచింది, కొన్నవాళ్లు వాపసు కోరే వీలున్న రాజీతో ముగిసింది. ఈ ఉదంతంలో చురక ఎక్కడుందంటే, ఏళ్ల తరబడి ఆ రికార్డులను అచ్చమైన అనలాగ్ ధ్వనికి నమూనాగా పొగిడినవాళ్లు మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని చెవులతో పసిగట్టలేకపోయారు. ఆ ఆల్బమ్‌లు బాగున్నాయంటే మాస్టరింగ్ బాగుంది కాబట్టి.

ఎన్నాళ్లు మనది?

చందా కట్టినంతకాలం పాట మన ఇంట్లో అద్దెకుంటుంది. ఇంటివాళ్ల మధ్య మాట తేడా వస్తే చెప్పకుండా ఖాళీ చేస్తుంది. మన దేశంలో దీనికి ఉదాహరణలు తవ్వనక్కర్లేదు. 2019లో స్పాటిఫై భారత్‌లోకి వచ్చిన కొద్దివారాలకే సారెగమతో వివాదం ఢిల్లీ హైకోర్టుకు చేరి ఆ సంస్థ పాటలు తొలగిపోయాయి. మళ్లీ ఒప్పందం కుదిరింది 2020లో. పాత హెచ్‌ఎంవీ సరుకంతా సారెగమదే కాబట్టి ఎన్నో పాత పాటలు ఆ మధ్యకాలంలో అక్కడ లేనట్టే. 2023 మార్చిలో జీ మ్యూజిక్‌తో ఒప్పందం కుదరక వందల హిందీ పాటలు బూడిద రంగుకు మారాయి. నీల్ యంగ్ 2022 జనవరిలో తన పాటలను స్పాటిఫై నుంచి వెనక్కి తీసుకుని 2024లో తిరిగి ఇచ్చాడు. శ్రోత నెల చందా మాత్రం ఈ కాలమంతా ఆగకుండా కట్టాడు.

కొన్నది శాశ్వతమన్న భ్రమా వద్దు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరుతో పాటలమ్మే దుకాణం తెరిచి 2013 జూన్‌లో మూసేసింది. ఫైళ్లు దించుకున్నవాళ్లకు అవి మిగిలాయి, దించుకోనివాళ్ల డబ్బు పోయింది. నీల్ యంగ్ 2014లో 62 లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి పోనో అనే హై రెజల్యూషన్ ప్లేయర్, దుకాణం మొదలుపెట్టాడు. 2017కు అది ముగిసింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం, తర్వాత రద్దయ్యే వీలున్న డిజిటల్ వస్తువుకు 'కొనండి' అనే మీట పెట్టాలంటే అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలంటోంది. శాశ్వతంగా దించుకుని దాచుకోగలిగిన ఫైళ్లకు దీని నుంచి మినహాయింపు ఉంది. కొనడమంటే ఏమిటో ఆ మినహాయింపే తేల్చి చెబుతోంది. తాళం లేని ఫైలో, చేతిలో డిస్కో ఉంటేనే కొన్నట్టు.

డిస్కు కూడా చిరంజీవి కాదు. 1988–93 మధ్య ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ పీడీఓ ప్లాంటులో తయారైన కొన్ని సీడీలు రాగిరంగుకు తిరిగి పాడయ్యాయి. హార్డ్ డిస్కు ఏ రోజైనా మొరాయించవచ్చు. అందుకని సీడీ కొన్న వెంటనే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాముతో ఫ్లాక్‌గా మార్చి రెండు చోట్ల దాచుకోవడం ఈ అభిరుచి ఉన్నవాళ్ల కనీస జాగ్రత్త. సొంతదనం కావాలంటే ఆ కాపలా మనమే కాయాలి.

డబ్బు దారి

మనం కట్టే చందా మనం విన్న కళాకారుడికి నేరుగా వెళ్లదు. ఎక్కువ సేవల్లో అందరి చందాలూ ఒక కుండలో పడి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. నెలంతా ఒక్క వైణికురాలినే విన్నా మన డబ్బులో పెద్ద వాటా ఆ నెల హిట్టయిన పాటలకే పోతుంది. కోబజ్ 2025లో తన సగటు చెల్లింపును బయటపెట్టింది. ఒక వినికిడికి 0.01873 డాలర్లు. ఇంత పారదర్శకంగా చెప్పినందుకు మెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు దీన్ని కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌తో పోల్చండి. డిజిటల్ అమ్మకాలపై అది తీసుకునేది 15 శాతం. పది డాలర్ల ఆల్బమ్ కొంటే చెల్లింపు రుసుములు పోను కళాకారుడికి సుమారు ఎనిమిది డాలర్లు చేరతాయి. అంత సొమ్ము కోబజ్ సగటుతో రావాలంటే పాటలు నాలుగు వందలసార్లకు పైగా వినబడాలి, అదీ హక్కులన్నీ కళాకారుడి దగ్గరే ఉంటే. మధ్యలో కంపెనీ ఉంటే ఇంకా ఎక్కువ. సినిమా పాట విషయంలో ఈ లెక్క అంతగా వర్తించదు, హక్కు సాధారణంగా ఆడియో కంపెనీదే. సొంతంగా ఆల్బమ్ వేసుకునే శాస్త్రీయ, జానపద, ఇండీ కళాకారుడి విషయంలో మాత్రం ఒక్క కొనుగోలు ఏళ్ల వినికిళ్ల విలువ చేస్తుంది.

తెలుగు శ్రోత లెక్క

ఈ చర్చనంతా మన సంగీతానికి అన్వయిస్తే మూడు రకాల జవాబులొస్తాయి. ఘంటసాల తొలినాళ్ల పాటలు 78 ఆర్‌పీఎం రికార్డుల మీద, నాటి ఫిలిం సౌండ్ ట్రాక్ మీద ఉన్నవి. వాటిలో పై స్వరాలే పరిమితం. సీడీ స్థాయిని మించిన ఫైలుతో ఒరిగేదేమీ లేదు. కావాల్సింది మంచి మూలాన్ని వెతికి, గరగరలు తీసే పేరుతో గొంతును కూడా తుడిచేయకుండా చేసిన కాపీ. ఈనాటి సినిమా పాటలకొస్తే, సినిమా ధ్వనికి ప్రామాణికం 48 కిలోహెర్ట్జ్. 24 బిట్/48 దొరికితే స్టూడియో గుమ్మం దాకా వచ్చినట్టే. ఎలాగూ హెచ్చుతగ్గులు నొక్కేసిన మాస్టరే కాబట్టి స్ట్రీమింగ్ చాలు.

మూడోది కర్ణాటక సంగీతం. కొనే పక్షానికి బలమైన సాక్షి ఇదే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి చేత తిరుమల తిరుపతి దేవస్థానం పాడించిన బాలాజీ పంచరత్నమాల గానీ, చెన్నై సంస్థ చార్సూర్ వేసిన కచేరీ సీడీలు గానీ చేతిలోకి తీసుకుంటే అట్టమీద రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్, మృదంగం, ఘటం ఎవరివో ఉంటాయి. అదే రికార్డు యాప్‌లో తరచుగా కృతి మొదటి మాటలు, గాయకుడి పేరుతో సరిపెట్టుకుంటుంది. తనియావర్తనం విని ఆ మృదంగం ఎవరిదో తెలుసుకోవాలనిపిస్తే తెరమీద జవాబుండదు. ఇది నాణ్యత లోపం కాకపోవచ్చు, వినే పద్ధతికి మాత్రం లోపమే. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి 2023లో ప్రత్యేక యాప్ పెట్టిన యాపిల్ రాగతాళాల వారీగా మన సంగీతాన్ని అమర్చిన జాడ లేదు.

కొందామన్నా చిక్కులున్నాయి. సీడీల దుకాణాలు మూతపడ్డాయి. విదేశీ హై రెజల్యూషన్ దుకాణాలు దేశాల వారీగా తలుపులు వేస్తాయి. నేరుగా ఫ్లాక్ ఫైళ్లు అమ్మే అలవాటు మన సినిమా ఆడియో కంపెనీలకు పెద్దగా లేదు. 2017లో సారెగమ పాటలు ముందే నింపి కార్వాన్ రేడియో తెచ్చినప్పుడు జనం ఎగబడి కొన్నారంటే, నచ్చిన పాటలు చందా బెడద లేకుండా ఇంట్లో ఉండాలన్న కోరిక పెద్దవాళ్లలో ఇంకా ఉందని అర్థం.

ఏం చేయాలి?

నా లెక్క ఇది. వెతకడానికి, పరిచయానికి, రోజువారీ వినికిడికి ఒక లాస్‌లెస్ చందా చాలు. రెండు చందాలు వృథా, 192 కోసం ఎక్కువ కట్టడం ఇంకా వృథా. ఆ మిగులుతో వైరున్న మంచి హెడ్‌ఫోన్లు కొంటే తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది. పదేళ్ల తర్వాత కూడా వింటామనిపించే ఆల్బమ్‌లు, మంచి మాస్టర్ ఉందని తెలిసినవి, సొంతంగా నిలబడ్డ కళాకారులవి మాత్రం కొనాలి. సీడీ దొరికితే సీడీ, లేకపోతే తాళం లేని ఫ్లాక్. ఏడాదికి అయిదారు కొన్నా ఇరవై ఏళ్లకు నూరు దాటుతుంది, ఒకరి అభిరుచికి అది చక్కటి చిత్తరువు.

శ్రోత వంతు ఇంతే. మిగతాది అమ్మేవాళ్ల వంతు. ప్రతి ఆల్బమ్ పక్కన ఇది ఏ సంవత్సరపు మాస్టర్, ఎవరు చేశారు, ఎవరు వాయించారు అన్న నాలుగు ముక్కలు రాయడానికి ఏ స్ట్రీమింగ్ కంపెనీకీ కొత్త సాంకేతికత అక్కర్లేదు. మాస్టర్ టేపులు అటకమీదున్న మన ఆడియో కంపెనీలు వాటిని శ్రద్ధగా డిజిటల్ చేసి న్యాయమైన ధరకు ఫ్లాక్‌లో అమ్మితే, హైదరాబాదు నుంచి హ్యూస్టన్ దాకా కొనేవాళ్లున్నారు. బిట్ల లెక్క వదిలేసి శ్రోతలు గట్టిగా అడగాల్సింది ఈ రెండే.